పొదుగు యంత్రం కొన్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు గుడ్లు పొదిగే యంత్రం (ఇంక్యుబేటరు) కొన్నావనీ, సంక్రాంతి వెళ్ళగానే నాటుకోడి గుడ్లు పెట్టాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది కనుక, అవసరమైనప్పుడు తీసి చదువుకోవడానికి వీలుగా ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

నువ్వు ఎంచుకున్న కాలం మంచిది. ఈ యంత్రానికి వేడి చేయడం తెలుసు గానీ చల్లబరచడం తెలియదు. గది చల్లగా ఉంటే లోపలి బల్బు వెలిగి లోటు తీరుస్తుంది. గదే 40 డిగ్రీలు దాటితే అది చేయగలిగింది బల్బు ఆర్పుకొని కూర్చోవడం ఒక్కటే. పైగా రెండో వారం గడిచేసరికి గుడ్డులోని పిల్ల తన ఒంటి వేడిని తానే విడుస్తుంటుంది. మన బెజవాడ ఎండల్లో, అదీ మేడ మీది వాటాలో, మే నెలలో గుడ్లు పెట్టడం అంటే తెలిసి తెలిసి ఉడకబెట్టడమే. కార్తీకం నుంచి శివరాత్రి దాటేవరకు పొదిగించుకో, ఆపైన యంత్రాన్ని అటక ఎక్కించు. దానిని వంటగదిలోనూ, ఎండ పడే కిటికీ దగ్గరా, ఏసీ గాలి తగిలేచోటా పెట్టవద్దు. ఇంటి నడిమి గదిలో, నేలకు కాస్త ఎత్తున, పిల్లల చేతికి అందని బల్ల మీద ఉంచు.

గుడ్లు తేవడానికి ముందు కనీసం ఒక పగలూ ఒక రాత్రీ యంత్రాన్ని ఖాళీగా నడిపి చూడాలి. దాని మీద కనిపించే అంకెను అలాగే నమ్మవద్దు. చవక రకాల్లో ఒక డిగ్రీ తేడా ఉండడం మామూలే, పిండానికి ఆ ఒక్క డిగ్రీయే ఎక్కువ. జ్వరం చూసే మంచి థర్మామీటరు ఒకటి లోపల పెట్టి సరిపోల్చుకో. లోపల ఫ్యాను తిరిగే యంత్రమైతే 37.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాను లేనిదైతే వేడిగాలి పైకి చేరి పొరలుగా నిలుస్తుంది కనుక, గుడ్డు పైభాగం ఎత్తులో కొలిచినప్పుడు 38.3 నుంచి 38.8 వరకు ఉండాలి. తేమ చూపే మీటరును పరీక్షించడానికి ఒక సులువైన మార్గముంది: చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీటితో తడిపి, మీటరుతో కలిపి గాలి చొరని కవరులో ఒక రాత్రంతా ఉంచితే అది 75 శాతం చూపాలి. ఎంత తేడా చూపితే అంత తేడా లెక్కలో వేసుకో.

ఇక గుడ్లు. కిరాణా కొట్టులో దొరికే తెల్ల గుడ్లు పుంజు లేని ఫారాల నుంచి వస్తాయి, అవి ఎన్నాళ్ళు పెట్టినా పొదగబడవు. పెట్టల మధ్య పుంజు తిరుగుతున్న ఇంటి నుంచి, పెట్టి వారం దాటని గుడ్లను అడిగి తెచ్చుకో. మరీ పొడుగువీ, పెంకు గరుకుగా ఉన్నవీ, సన్నని నెర్రె ఉన్నవీ వద్దు. మట్టి అంటిందని కడగవద్దు. పెంకు మీద సహజంగా ఉండే పొర పోతే క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. బస్సులోనో స్కూటరు మీదో కుదుపులతో వచ్చిన గుడ్లను సన్నని కొన కిందికి ఉండేలా నిలబెట్టి, సగం రోజు కదపకుండా ఉంచి, ఆ తరువాతే యంత్రంలో పెట్టు. శనివారం సాయంత్రం పెడితే 21 రోజులకు మళ్ళీ శనివారమే వస్తుంది, ఉద్యోగం చేసుకునే నీకు ఆదివారం కలిసివస్తుంది. బాతు గుడ్లకు 28 రోజులు పడుతుంది కనుక వాటిని కోడిగుడ్లతో కలపవద్దు.

పచ్చసొన తేలికై పైకి తేలుతుంది. గుడ్డును తిప్పకపోతే దాని మీది పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుపోతుంది. అందువల్ల చేత్తో తిప్పేటట్లయితే పెన్సిలుతో ఒకవైపు గుణకారం గుర్తు, మరోవైపు సున్నా వేసుకొని, రోజుకు మూడుసార్లకు తక్కువ కాకుండా తిప్పు. తిప్పే యంత్రమే అయినా మొదటి వారంలో అది నిజంగా తిప్పుతున్నదో లేదో గుర్తులు చూసి తేల్చుకో. తేమ 18వ రోజు వరకు 50 నుంచి 55 శాతం చాలు. కృష్ణ పక్కన ఉన్న ఊరు కనుక ముసురు పట్టిన రోజుల్లో గదిలోనే అంతకు మించి ఉంటుంది. అప్పుడు లోపలి తొట్టిలో నీళ్ళు పోయనవసరం లేదు. తేమ ఎక్కువైతే గుడ్డులోని నీరు ఆవిరి కాదు, వెడల్పు కొనలో ఉండే ఖాళీ, అంటే గాలి గది, పెరగదు, చివర్లో పిల్లకు ఊపిరి తీసుకునే చోటు మిగలదు.

ఏడవ రోజు రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి, సెల్‌ఫోను టార్చి మీద గుడ్డు వెడల్పు కొనను ఆనించి చూడు. పిల్ల పడిన గుడ్డులో ఒక నల్లని చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా నలువైపులా పాకిన ఎర్రని నరాలు కనిపిస్తాయి. కాసేపు ఆగితే ఆ చుక్క కదలడమూ కనిపిస్తుంది. పసుపుపచ్చగా, ఖాళీగా వెలిగితే అందులో పిండం లేదు. నరాలు లేకుండా ఎర్రని గీత ఒకటి వలయంగా ఉంటే పిండం మొదలై చచ్చిందని అర్థం. ఈ రెండు రకాలనూ తీసివేయి, లేకపోతే మురిగి పగిలి మిగతావాటిని కూడా చెడగొడతాయి. అనుమానంగా ఉన్నదాన్ని పారవేయక 14వ రోజు మళ్ళీ చూడు. అప్పటికి బతికున్న గుడ్డు గాలి గది తప్ప మిగతా అంతా చీకటిగా ఉంటుంది.

కరెంటు పోతే గాభరాపడి మూత తీయవద్దు. మూసి ఉంచి, గాలి రంధ్రాలు వదిలి పైన దుప్పటి కప్పితే గంట, రెండు గంటల కోతకు గుడ్లు తట్టుకుంటాయి. చలువ కంటే అతివేడే వాటిని త్వరగా చంపుతుంది.

18వ రోజున తిప్పడం ఆపి, జారని బట్ట పరచి, తేమ 65 నుంచి 70 శాతానికి పెంచి మూత వేయి. అక్కడి నుంచి నీకు ఒకటే పని, ఊరుకోవడం. అదే అన్నిటికంటే కష్టం. పిల్ల ముందు లోపలి గాలి గదిలోకి ముక్కు పొడుస్తుంది, మూత దగ్గర చెవి పెడితే కీచుమని వినిపిస్తుంది. తరువాత పెంకు మీద చిన్న నెర్రె పడుతుంది. అక్కడితో ఆగి 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు కదలక మెదలక ఉంటుంది. నీకు అది చచ్చిపోతున్నట్టు అనిపిస్తుంది, కాని ఆ సమయంలోనే అది ఊపిరితిత్తులతో గాలి పీల్చడానికి అలవాటుపడి, పొరలోని నరాల నుంచి రక్తాన్ని లోపలికి లాక్కొని, మిగిలిన పచ్చసొనను బొడ్డు గుండా కడుపులోకి తీసుకుంటుంది. జాలిపడి పెంకు ఒలిచావంటే రక్తం కారి చస్తుంది. ఒకదాని కోసం మూత తీస్తే తేమ పడిపోయి, పక్క గుడ్లలో పొర ఎండి పిల్లలకు చుట్టుకుంటుంది. చూడకుండా ఉండలేకపోతే అద్దంలో నుంచి చూడు, చేయి మాత్రం వెనకే కట్టుకో.

బయటికి వచ్చిన పిల్లలను ఒళ్ళు ఆరి బూరు విచ్చుకునేవరకు లోపలే ఉంచు. కడుపులోని పచ్చసొన రెండు రోజులు సరిపోతుంది కనుక తిండికి తొందర లేదు. హేచరీలు ఒకరోజు వయసు పిల్లలను దూరపు ఊళ్ళకు పంపగలిగేది దానివల్లనే. ఈలోగా అట్టపెట్టెలో రెండంగుళాల మందాన వరి ఊక పోసి, దాని మీద మొదటి మూడు రోజులు గోనెగుడ్డ పరచు. వార్తాపత్రిక నున్నగా ఉంటుంది, దాని మీద కాళ్ళు ఎడమై జారి పిల్ల కుంటిదవుతుంది. ఎల్ఈడీ బల్బు వేడినివ్వదు, పాతకాలపు తీగ బల్బే వెతికి తెచ్చి ఒక మూలన వేలాడదీయి. మొదటి వారం దాని కింద 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించు. లెక్కకంటే పిల్లలే బాగా చెబుతాయి: బల్బు కింద గుంపుగా కుక్కుకుంటే చలి, గోడలకు పారిపోయి నోరు తెరిస్తే వేడి, పెట్టె అంతటా పడుకొని లేస్తూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు.

ముందు నీళ్ళు, ఆ తరువాతే తిండి. లోతులేని మూతలో గులకరాళ్ళు వేసి కొద్దిగా బెల్లం కలిపిన గోరువెచ్చని నీళ్ళు పోసి, ఒక్కోదాని ముక్కు ఒకసారి తాకించు. బియ్యపు నూకలు ఒక పూటకు పరవాలేదు గాని, ఎదగడానికి చిన్న పిల్లల కోసం అమ్మే చిక్ స్టార్టర్ దాణా కావలసిందే. రెట్ట అంటుకొని ముడ్డి మూసుకుపోతే గోరువెచ్చని నీళ్ళలో తడిపిన దూదితో మెత్తగా తుడువు, లాగవద్దు.

5 నుంచి 7 రోజుల లోపల కొక్కెర తెగులుకు లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయించాలి, రెండో వారంలో గంబోరో అనే జబ్బుకు టీకా. సీసాలు వందల మోతాదులలో వస్తాయి, తెరిచాక నిలవ ఉండవు. నీలా చిన్నగా పెంచేవారు పశువైద్యశాలలో అడిగి, మరొకరు వేయించే రోజున వెళ్ళడం మేలు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అనుమానమున్నప్పుడు అక్కడ అడుగు. పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, మీ చంటివాడిని వాటిని ముద్దాడనివ్వకు; ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్లల రెట్టలో కూడా సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండవచ్చు.

ఒక సంగతి ఇప్పుడే తేల్చుకో. పుట్టినవాటిలో దాదాపు సగం పుంజులే అవుతాయి, మూడు నాలుగు నెలలకు కూత మొదలుపెడతాయి, మీ అపార్ట్‌మెంటు వాళ్ళు తెల్లవారుజామున అది సహించరు. వాటిని ఎవరికి ఇస్తావో గుడ్లు పెట్టకముందే మాట్లాడుకో. మా పెరట్లో చోటుంది గాని, పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి కనుక రెండుకు మించి నేను తీసుకోలేను.

ఆశీస్సులతో,
అత్త