ఫోను నంబరు ఏ టేబుల్‌లో ఉందో డేటాబేస్‌నే అడగండి

ప్రశ్న: కొత్త ఉద్యోగంలో పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ అప్పగించారు. వందల టేబుళ్లున్నాయి, వివరాలు రాసిన కాగితం ఒక్కటీ లేదు. ఖాతాదారుల ఫోను నంబర్ల కోసం అన్నీ తెరిచి చూడాల్సిందేనా?

జవాబు: అవసరం లేదు. తనలో ఏ టేబుళ్లున్నాయో, వాటిలో ఏ కాలమ్‌లున్నాయో డేటాబేసే రాసి పెట్టుకుంటుంది. ఆ వివరాలను కూడా మామూలు క్వెరీతోనే (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నతోనే) చదవగలగాలన్నది, డేటాను టేబుళ్లుగా అమర్చే రిలేషనల్ పద్ధతికి ఆద్యుడైన ఇ.ఎఫ్. కాడ్ 1985లో ప్రకటించిన నియమాల్లో ఒకటి. మైఎస్‌క్యూఎల్‌లో ఆ చోటు పేరు ఇన్ఫర్మేషన్ స్కీమా.

అందులోని ‘కాలమ్స్’లో ప్రతి కాలమ్‌కూ ఒక వరుస ఉంటుంది. దాని నుంచి టేబుల్ నేమ్, కాలమ్ నేమ్, డేటా టైప్ సెలెక్ట్ చేయండి. ఈ పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, మాటల మధ్య అండర్‌స్కోర్‌తో టైపు చేయాలి. షరతులు రెండు: టేబుల్ స్కీమా మీ డేటాబేస్ పేరై ఉండాలి, కాలమ్ నేమ్‌లో ‘ఫోన్’ అన్న మాట ఎక్కడైనా ఉండాలి. రెండోదానికి పోలికతో వెతికే లైక్ వాడి, మాటకు అటూ ఇటూ ‘ఏ అక్షరాలైనా’ అని అర్థమిచ్చే శాతం గుర్తు పెట్టండి. మొదటి షరతు మరిచిపోతే సర్వర్‌లోని డేటాబేసులన్నిటి కాలమ్‌లూ వచ్చి పడతాయి. పాత డేటాబేసుల్లో మొబైల్, సెల్, కాంటాక్ట్ అనీ పేర్లు పెట్టి ఉంటారు, వాటితోనూ వెతకండి. డేటా టైప్‌ను తప్పక చూడండి. అది ఇంట్ లేదా బిగ్ ఇంట్ (పూర్ణసంఖ్యల రకాలు) అయితే నంబర్ల ముందున్న సున్నాలు, ప్లస్ గుర్తులు ఎప్పుడో పోయినట్టే.

టేబుల్ దొరికాక ‘షో క్రియేట్ టేబుల్’ ఆదేశం ఇవ్వండి. కాలమ్‌ల జాబితా చూపే డిస్క్రైబ్ ఆదేశం కన్నా ఇదే మేలంటాను. ఫారిన్ కీలు (ఒక టేబుల్‌ను ఇంకోదానితో కలిపే లంకెలు), ఇండెక్సులు (వెతుకులాటను వేగం చేసే సూచికలు), కట్టినవారు రాసిన కామెంట్లు అన్నీ ఒకేచోట కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. మీ లాగిన్‌కు అనుమతి లేని టేబుళ్లు ఇన్ఫర్మేషన్ స్కీమాలో కనిపించవు. ఫలితం ఖాళీగా వచ్చినంత మాత్రాన ఆ కాలమ్ లేదని తేల్చేయకండి, ముందు డీబీఏతో (డేటాబేస్ నిర్వాహకుడితో) మీ అనుమతులు సరిచూసుకోండి. అలాగే ‘టేబుల్స్’లో కనిపించే వరుసల సంఖ్య, ఇన్నోడీబీ అనే నిల్వ పద్ధతిలో ఉన్న టేబుళ్లకు అంచనా మాత్రమే. దాన్ని నివేదికల్లోకి ఎక్కించవద్దు.

ప్రశ్న: ఇదే క్వెరీ ఒరాకిల్‌లో ఇస్తే పనిచేయడం లేదు. ఎందుకని?

జవాబు: ఒరాకిల్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమా లేదు. మీ సొంత టేబుళ్లకు ‘యూజర్ ట్యాబ్ కాలమ్స్’, మీకు అనుమతి ఉన్నవాటన్నిటికీ ‘ఆల్ ట్యాబ్ కాలమ్స్’ చూడాలి. కొటేషన్ గుర్తులు లేకుండా పెట్టిన పేర్లను ఒరాకిల్ పెద్ద అక్షరాల్లోకి మార్చి దాస్తుంది కాబట్టి షరతులోనూ పెద్ద అక్షరాలే రాయండి. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఇన్ఫర్మేషన్ స్కీమా ఉంది కానీ అక్కడ పేర్లు చిన్న అక్షరాల్లోకి మారతాయి.