ఇంజిన్ మార్చిన పాత కూపే మీద ఎంతదాకా పాడాలి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వేలంలో పాడదామనుకుంటున్న 1972 డాట్సన్ 240జెడ్, అదే ఆ రెండు తలుపుల జపాన్ స్పోర్ట్స్ కారు, ఫొటోలన్నీ చూశాను. అసలు ఇంజిన్ తీసేసి బానెట్ కింద పెట్టిన, మెరుస్తున్న ఎల్‌ఎస్1 అనే వి8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) చూసి మనసు పడ్డావని తెలుస్తూనే ఉంది. కాని అల్లుడూ, ఎల్‌ఎస్1 ఇంజిన్ అమెరికాలో ఎక్కడైనా దొరుకుతుంది. తుప్పు లేని బాడీ, ఆ ఇంజిన్‌ని తిన్నగా కూర్చోబెట్టిన పనితనం దొరకడమే కష్టం. డబ్బు పెట్టాల్సింది ఆ రెండింటికే.

ముందు నంబర్లు చూడు. డాష్‌బోర్డు మీది ప్లేటు, ఇంజిన్ గదికీ సీట్లకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద గుద్దిన నంబరు, కారు ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం, మూడింట్లోనూ హెచ్‌ఎల్‌ఎస్30తో మొదలయ్యే ఒకే నంబరు ఉండాలి. మన దగ్గర ఇంజిన్ నంబరు కూడా ఆర్‌సీలో ఉంటుంది కాబట్టి మారిస్తే రాయించాలి. అక్కడి టైటిల్ ఇంత పాత కార్లకి చాసిస్ నంబరుతోనే నడుస్తుంది. ఇంజిన్ గదిలోని ప్లేటు మీద మాత్రం కారుతోపాటు పుట్టిన ఎల్24 ఇంజిన్ నంబరు ఉంటుంది. ఆ పాత ఇంజిన్ కారుతోపాటు ఇస్తున్నారేమో అడుగు. ఇస్తామంటే బ్లాక్ మీద స్పార్క్ ప్లగ్గుల వైపు, హెడ్‌కి కింద గుద్దిన నంబరు ఫొటో తెప్పించుకుని ప్లేటుతో పోల్చు. నంబరు కలిస్తే కారుని మళ్ళీ అసలు రూపానికి తెచ్చుకునే దారి ఉన్నట్టే, దానికి విలువ ఉంది. 1970, 71 తొలి కార్లకి అసలు ఇంజిన్ పోతే నష్టం బాగా ఎక్కువ. 1973 కార్లకి అంత ఉండదు, ఆ ఏటి కార్బ్యురేటర్లు ఎవరికీ నచ్చినవి కావు. ఇదే వరసలో తర్వాత వచ్చిన 280జెడ్ నుంచి తెచ్చిన ఎల్28 ఇంజిన్ వేసి ఉంటే అసలు బెంగే అక్కర్లేదు, పాత మౌంట్ల మీదే కూర్చుంటుంది.

తర్వాత తుప్పు. ఈ కార్లని అది తినేసేది బ్యాటరీ ట్రే కింద, ఫ్లోరు కింద పొడుగ్గా నడిచి కారుని మోసే ఫ్రేమ్ రైల్స్‌లో, తలుపు వెనకా వెనక చక్రానికి ముందూ ఉండే మూలలో, స్టెప్నీ గుంటలో, వైపర్ల కింది గాడిలో. కింద తుప్పు పట్టకుండా పూసే నల్లటి అండర్‌కోటింగ్ దట్టంగా, కొత్తగా కనిపిస్తే అనుమానించు. ఆ మూలల మీద పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెట్టించు. పట్టు జారిందంటే లోపల లప్పం ఉంది. రైల్స్ సంగతి మరీ ముఖ్యం: అసలు ఎల్24 ఇచ్చింది 151 హార్స్‌పవర్, 1997 షెవర్లే కార్వెట్‌లో ఎల్‌ఎస్1 ఇచ్చింది 345. అంత శక్తి కారుని మెలిపెడుతుంటే దాన్ని మోయాల్సింది ఆ పల్చటి రేకే.

అదే అయస్కాంతాన్ని ఇంజిన్ బ్లాక్‌కి కూడా ఆనించమను. ఎల్‌ఎస్1 బ్లాక్ అల్యూమినియం, అంటుకోదు. అంటుకుంటే అది ట్రక్కులోంచి తీసిన ఇనప బ్లాక్ 5.3 లీటర్ల ఇంజిన్ లాంటిది కావచ్చు. ఇంజిన్‌గా చెడ్డది కాదు, కాని చౌక, ముందు చక్రాల మీద బరువూ ఎక్కువ. ఎల్‌ఎస్1 అని చెప్పి దాన్ని అమ్ముతుంటే మిగతా మాటల్నీ నమ్మకు.

ఇక ఎక్కువమంది మోసపోయేది వెనకాల. 240జెడ్‌తో వచ్చిన డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి శక్తి పంచే గేర్ల పెట్టె) ఆర్180, అంటే క్రౌన్ గేరు వ్యాసం 180 మిల్లీమీటర్లు. వి8 దెబ్బకి అది గాని, అక్కణ్ణుంచి చక్రాలకి వెళ్ళే హాఫ్ షాఫ్టుల క్రాస్‌లు (మడత కీళ్ళు) గాని ఎన్నాళ్ళో నిలవవు. ఆర్200 గాని అంతకన్నా గట్టిది గాని వేశారా, క్రాస్‌ల బదులు ఇంకో రకం కీళ్ళుండే సీవీ షాఫ్టులు పెట్టారా, కింది నుంచి ఫొటో అడుగు. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా అడుగు: గేర్‌బాక్స్ వాలు, పినియన్ (ఆ షాఫ్ట్ వెళ్ళి కలిసే డిఫరెన్షియల్ గేరు) వాలు సమానంగా ఉండాలి, ఒక డిగ్రీకి మించి తేడా వస్తే హైవే మీద వేగం పెరిగేకొద్దీ కారంతా వణుకుతుంది. గేర్‌బాక్స్ పట్టడం కోసం ఫ్లోరు మధ్యలో ఎత్తుగా ఉండే టన్నెల్ రేకు కోశారా, సుత్తితో సాగదీశారా? కోసి చక్కగా వెల్డింగ్ చేస్తే ఫర్వాలేదు, కోసి అలాగే వదిలేస్తే నీ పాట తగ్గించు. ముందు బ్రేకులు అసలువే ఉంటే అవి మార్చే ఖర్చూ రాసుకో.

పెట్రోలు లైను చిన్న విషయంలా ఉంటుంది గాని ప్రాణాల మీదికి తెస్తుంది. కార్బ్యురేటర్‌కి మూడు నాలుగు పీఎస్ఐ (పెట్రోలు ఒత్తిడి కొలత) చాలు, ఎల్‌ఎస్1కి 58 కావాలి. పాత రబ్బరు గొట్టాలు, మామూలు క్లిప్పులు కనిపిస్తే మొత్తం మార్పించాల్సిందే. వైరింగ్‌లో టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే కొత్త హార్నెస్ (వైర్ల కట్ట) ఖర్చు లెక్కలో వేసుకో.

కాలిఫోర్నియాలో ఉన్నావు కాబట్టి ఒక ఊరట: 1975, అంతకుముందు మోడళ్ళకి అక్కడ స్మాగ్ పరీక్ష (పొగ పరీక్ష) లేదు. అందుకే నచ్చినా 1976, ఆ తర్వాతి 280జెడ్ జోలికి వెళ్ళకు. అందులో ఇంజిన్ మారిస్తే స్మాగ్ రెఫరీ (మార్చిన ఇంజిన్లని తనిఖీ చేసే కేంద్రం) దగ్గర పాస్ కావాలి.

లెక్క ఇలా వెయ్యి. అచ్చం ఇలాంటి ఇంజిన్ మార్పుతో ఈమధ్య అమ్ముడైన కార్ల ధరలే తీసుకో, అసలు ఇంజిన్ కార్ల ధరలు చూడకు. అమ్మేవాడు బిల్లుల కట్ట చూపించి ఇంత ఖర్చయిందంటాడు. ఆ బిల్లులు పని జరిగిందనడానికి సాక్ష్యం, అంతవరకే. మాటవరసకి సిద్ధంగా ఉన్న కారు 40,000 డాలర్లనుకో. డిఫరెన్షియల్, బ్రేకులు, పెట్రోలు లైనుకి 6,000, ట్రక్కు మీద తెప్పించడానికి 1,500 తీసేస్తే 32,500 మిగిలింది. కొనేవాడి ఫీజు 5 శాతమైతే 1.05తో భాగించు, 30,900 దగ్గర ఆగాలి. హాలులో పాడే వేలాల్లో ఫీజు 10 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది, ముందే నిబంధనలు చదువుకో.

ఆ అంకె కాగితం మీద రాసి పక్కన పెట్టుకునే పాటకి కూర్చో. చివరి నిమిషంలో ఎవరైనా పాడితే గడువు పొడిగించే వేలాలున్నాయి, నలుగురు పట్టుదలకి పోతే ధర చూస్తుండగానే ఎక్కిపోతుంది. పాటకి రెండు రోజుల ముందే రాత్రంతా చల్లారిన ఇంజిన్ స్టార్ట్ చేసే వీడియో, ఆ తర్వాత ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు నడిపాక టెంపరేచర్ ముల్లు వీడియో అడుగు. మొదట నీలం పొగ వచ్చినా, ముల్లు ఎక్కుతూనే పోయినా నీ అంకెలోంచి ఇంకో రెండు వేలు తీసెయ్. వీడియో ఇవ్వనంటే ఆ కారు వదిలెయ్.

ఇట్లు,
మామయ్య