పాలడబ్బాలు పంపమంటారా?

ప్రశ్న: బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ శిబిరాల్లో ఉన్న రోహింగ్యా పిల్లల కోసం మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లం పాలపొడి డబ్బాలు, పాత బట్టలు పోగుచేశాం. ఎలా పంపాలి?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: పాలపొడి మాత్రం వద్దమ్మా. చిక్కంతా నీళ్లతోనే. పొడిలోనూ క్రిములుండొచ్చు కాబట్టి, కాచిన నీళ్లు 70 డిగ్రీల వేడి తగ్గకముందే కలపాలి. సీసా, పీక ప్రతిసారీ మరగబెట్టాలి. శిబిరాలకు స్ఫియర్ ప్రమాణాలు (సహాయ సంస్థలు పాటించే అంతర్జాతీయ కనీస నియమాలు) చెప్పే లెక్క కుళాయికి 250 మంది, మనిషికి రోజుకు 15 లీటర్లు. అంటే ఒక పెద్ద బిందెడు. తాగడం, వంట, స్నానం, ఉతుకుడు అన్నీ అందులోనే. ఇక సీసా మరిగేదెప్పుడు? పైగా బిడ్డ చీకడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. డబ్బా అడుగంటేసరికి రెండూ ఉండవు. ఉన్న పొడినే పలచగా కలుపుతారు, బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. తల్లిలేని పసికందులకు పొడిపాలు ఇస్తారు గానీ, అది వైద్య సిబ్బంది కనిపెట్టుకుని చేసే పని.

బాగా చిక్కిపోయిన పిల్లలకు అక్కడ ఇచ్చేది ఓ రకం చెనిక్కాయ ముద్ద. ప్యాకెట్ 92 గ్రాములు, 500 కేలరీలు. అందులోనూ పాలపొడి ఉంటుంది, చక్కెర, నూనె, విటమిన్లతో పాటు. కానీ నీళ్లు కలపరు. తడి లేదు కనుక క్రిములు పెరగవు, మూల చించి నోటికి అందించడమే. ఆరు నెలలు నిండని బిడ్డకు పనికిరాదు. మన చెనిక్కాయ ఉండలు చేసి పంపుదామనుకోకండి, బూజు పట్టిన గింజ ఒక్కటి పడినా విషమే.

డబ్బాలకు బిల్లుంటే షాపులో వెనక్కిచ్చేయండి. బట్టలు ఇక్కడే అమ్మేసి, వచ్చిన డబ్బు యునిసెఫ్‌కో, ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్‌కో కట్టండి. దూరానికి బట్టలు పంపితే రవాణా ఖర్చే వాటి విలువను మించుతుంది.

ప్రశ్న: శిబిరాల్లో పిల్లల పోషణను జబ్బ చుట్టుకొలత తీసే రంగుల టేపుతో చూస్తారట. అంగన్‌వాడీలో సాధన చేస్తే ఒకే బిడ్డకు మా ఇద్దరికీ రెండు కొలతలు వచ్చాయి. తప్పెక్కడ?
– నర్సింగ్ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: ఎక్కువగా బిగించడంలోనే. టేపు చర్మాన్ని తాకాలి, నొక్కకూడదు. కండ సొట్టపడితే కొలత తగ్గిపోతుంది. ఎడమ మోచెయ్యి మడిచి భుజం కొనకూ మోచేతికీ నడుమ పెన్నుతో చుక్క పెట్టండి. తర్వాత చెయ్యి వదులుగా వేలాడాకే చుట్టండి. నడిమిని కంటి అంచనాతో పట్టుకుంటే ఇద్దరికీ తేడా రాక తప్పదు. 6 నుంచి 59 నెలల వాళ్లకే ఈ లెక్క: 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు (బాగా చిక్కిపోయిన బిడ్డ), 12.5 లోపు పసుపు (కొంత చిక్కిన బిడ్డ), ఆపైన ఆకుపచ్చ. టేపు ఆకుపచ్చ చూపినా పాదాలు మరవొద్దు. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి తీయండి. రెండింటా గుంట అలాగే నిలిస్తే అది ఒంటికి నీరు పట్టడం. ఆ బిడ్డను ఎరుపు కిందే రాసుకుని వెంటనే ఆస్పత్రికి పంపాలి.