ఎంజీఏనా, ఎంజీబీనా? డబ్బు కట్టే ముందు ఇది చదువు

ఒరే చిన్నా,

నువ్వు పంపిన రెండు పాత బ్రిటిష్ ఎంజీ స్పోర్ట్స్ కార్ల ఫోటోలూ చూశాను. ఎర్ర ఎంజీఏ మీద మనసు పారేసుకున్నావని అర్థమైంది, అందులో నీ తప్పేం లేదు, 1955లో వచ్చిన ఆ ఒంపులు ఇప్పటికీ ఎవరినైనా పడగొడతాయి. రెండూ ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ ఎంజీ ఫ్యాక్టరీవే. కానీ నీకిది మొదటి పాత కారు, పైగా మాంచెస్టర్ వానల్లో తిప్పాలి, వారాంతాల్లో మోటార్‌వే ఎక్కాలి అంటున్నావు. నన్నడిగితే ఎంజీబీ కొనుక్కో.

ఎంజీఏ రోడ్‌స్టర్‌కి, అంటే టాప్ తెరిచే కారుకి, పైకీ కిందకీ తిప్పే అద్దాలుండవు, తలుపుకి బయట హ్యాండిలే లేదు. అద్దాల బదులు తగిలించే సైడ్ స్క్రీన్ సందులోంచి చెయ్యి దూర్చి లోపలున్న తాడు లాగాలి. ఎండరోజు సరదాగానే ఉంటుంది, జోరు వానలో మా కోడల్ని పక్కన నిలబెట్టి ఆ తాడు కోసం తడుముకుంటే ఏమవుతుందో నీకే తెలియాలి. 1962లో వచ్చిన ఎంజీబీకి ఆ బాధ లేదు. ఇంజిన్ 1798 సీసీ, ఓవర్‌డ్రైవ్ (అదే స్పీడుకి ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే అదనపు గేరు) ఉన్నది దొరికితే మాత్రం వదలకు, మోటార్‌వే మీద చెవులకి ప్రాణం లేచొస్తుంది. 1974 చివర్లో మొదలైన నల్ల రబ్బరు బంపర్లవి చవగ్గానే వస్తాయి కానీ అమెరికా రూల్స్ కోసం వాటి ఎత్తు పెంచారు, మలుపుల్లో ఊగుతాయి. క్రోమ్ బంపర్‌దే చూడు.

ఇక అసలు సంగతి తుప్పు. ఎంజీఏకి బరువు మోసే చట్రం, అదే ఛాసిస్ వేరు, బాడీ వేరు. ఎంజీబీకి అలా కాదు, బాడీలోనే బలమంతా, ముఖ్యంగా తలుపుల కిందుండే సిల్స్‌లో. అమ్మేవాడు కొత్త పెయింట్ చూపించి ఊదరగొడతాడు, పట్టించుకోకు. తలుపు మూసి, వెనక అంచు దగ్గర సందు పైనుంచి కిందిదాకా ఒకేలా ఉందా చూడు. తర్వాత ఆ పక్కన జాకీతో ఎత్తించి తలుపు తీసి వెయ్యి. పట్టేసిందా, సిల్స్ పోయినట్టే, మర్యాదగా థ్యాంక్స్ చెప్పి వచ్చెయ్. సీట్ల వెనక మూత ఎత్తి బ్యాటరీ కింద రేకు మిగిలుందా, రోడ్డు కనిపిస్తోందా అన్నది కూడా చూసుకో.

అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్ళు, రేకు మీద అంటుకోని చోట పుట్టీ పెట్టారని అనుమానించు. అయితే ఎంజీఏ తలుపులకీ, బానెట్‌కీ, డిక్కీ మూతకీ అంటకపోతే కంగారు పడకు, అవి అల్యూమినియం. తొలినాళ్ళ ఎంజీబీ బానెట్ కూడా అంతే.

విడిభాగాల టెన్షన్ పెట్టుకోకు, ఎంజీబీకి బాడీ షెల్‌తో సహా కొత్తగా దొరుకుతాయి. నలభై ఏళ్ళు దాటిన బండి కాబట్టి రోడ్ టాక్స్ కట్టక్కర్లేదు. పెద్ద మార్పులేవీ చేయకపోతే ఎంఓటీ (బండి ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు, అయినా ఏటా చేయించు, బ్రేకుల సంగతి ఎవరో ఒకరు చూడాలిగా.

శనివారం చూడ్డానికి వెళ్ళేటట్టయితే ఫోన్ చెయ్, నేనూ వస్తా. పాత బట్టలేసుకుని రా, కింద పడుకుని చూడాల్సింది నువ్వే, నా నడుం వంగదు.

బాబాయ్