లిస్టు కోడ్ తీసేస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మీటర్ రీడింగుల ప్రోగ్రాంకి పంపిన ప్యాచ్, అంటే కోడ్ మార్పుల కట్ట, చూశాను. లింక్డ్ లిస్ట్ అంటే ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ చిరునామా దాచుకునే గొలుసు కదా, ఆ ఫైల్లో ఎవరూ వాడని ఫంక్షన్లు ఏరి పట్టుకున్నావు, బాగుంది. కానీ పట్టుకున్నవాటిని తీసేయలేదు. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ చదవకుండా పైన హ్యాష్ ఇఫ్ జీరో, కింద ఎండిఫ్ పెట్టి, "తర్వాత అవసరం పడొచ్చు" అని కామెంట్ రాశావు. కమిట్ మెసేజ్‌లో, అంటే మార్పుతో పాటు రాసి దాచే వివరణలో, "క్లీనప్" అని ఒక్క మాట రాసి ఊరుకున్నావు. ఆ రెండూ చూశాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఎవరికి అవసరం పడుతుందమ్మా? నువ్వు దాచినవాటిలో లిస్టు మొత్తాన్ని ఫ్రీ చేసే, అంటే దాని మెమరీని తిరిగిచ్చేసే, ఫంక్షన్ ఒకటుంది. చదివావా? నోడ్‌ను ఫ్రీ చేసేసి, ఆ తర్వాత అదే నోడ్‌లోంచి నెక్స్ట్ పాయింటర్, అంటే తర్వాతి నోడ్ చిరునామా, చదువుతోంది. ఫ్రీ అయిపోయిన మెమరీని ముట్టుకోవడం అది. ఇన్నాళ్లూ ఎవరూ కాల్ చేయలేదు కాబట్టి బయటపడలేదు. రేపు అవసరం పడి తెరిచేవాళ్లు దాన్ని అనుమానించరు. పాత కోడ్ కదా, ఒకప్పుడు పనిచేసే ఉంటుందని నమ్ముతారు. పైగా హ్యాష్ ఇఫ్ జీరో లోపల ఉన్నదాన్ని కంపైలర్ పట్టించుకోదు. స్ట్రక్చర్‌లో ఒక ఫీల్డ్ పేరు మారిస్తే మిగతా ఫైళ్లన్నిట్లో ఎర్రర్ చూపిస్తుంది, ఈ ముక్కను మాత్రం వదిలేస్తుంది. మార్పులన్నిటినీ దాచే గిట్‌లో పాత కోడ్ అంతా ఉండనే ఉంది. కావాలంటే అక్కణ్ణుంచి తెచ్చుకుంటారు.

వాడని కోడ్ పడి ఉంటే నష్టమేమిటి అనేవాళ్లకు నేను ఎప్పుడూ నైట్ క్యాపిటల్ కథ చెబుతాను. అమెరికాలో షేర్ల ఆర్డర్లు నడిపే కంపెనీ అది. పవర్ పెగ్ అనే పాత కోడ్‌ని 2003లో వాడడం మానేశారు, తీసేయలేదు. ఎన్ని షేర్లు కొన్నామో లెక్కపెట్టి ఆపే భాగాన్ని 2005లో వేరే చోటికి జరిపారు. పవర్ పెగ్ ఆ మార్పు తర్వాత కూడా సరిగా ఆగుతుందా అని ఎవరూ టెస్ట్ చేయలేదు, వాడట్లేదు కదా. 2012లో కొత్త ఫీచర్‌కి, ఒకప్పుడు పవర్ పెగ్‌ని లేపే పాత ఫ్లాగ్‌నే, అంటే స్విచ్ లాంటి గుర్తునే, మళ్లీ వాడారు. 8 సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ వెళ్లలేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ సర్వర్లో పవర్ పెగ్ లేచి, ఆపే లెక్క లేక ఆర్డర్లు పంపుతూనే పోయింది. 45 నిమిషాల్లో జరిగిన పనికి 46 కోట్ల డాలర్లు దాటి నష్టం వచ్చింది. తొమ్మిదేళ్ల కిందట మానేసిన కోడ్ చేసిన పని అది.

ఇక నేను గట్టిగా నమ్మే సంగతి చెబుతాను. "దీన్ని ఎవరూ వాడట్లేదు" అని కనుక్కోవడం సగం పనే. దీన్ని చివరిగా ఎవరు వాడారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు, అవి కనుక్కుంటేనే పని పూర్తవుతుంది. ఆ చివరి కాల్ ఏ కమిట్‌లో పోయిందో చూడకుండా ఫంక్షన్ తీసేయకూడదు. గిట్ లాగ్‌కి మైనస్ పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి ఫంక్షన్ పేరు పెట్టు. ఆ పేరు ఎన్నిసార్లు కనిపిస్తుందనే లెక్క మారిన కమిట్లన్నీ చూపిస్తుంది. నేను నీ ప్రాజెక్ట్‌లో చూశాను. టైమర్లను లిస్టులోంచి తీసి ఫిక్స్‌డ్ అర్రేలో, అంటే ముందే ఇన్నని కొలిచిన గడుల వరసలో, పెట్టిన రోజున, నోడ్‌ను మధ్యలోంచి తొలగించే ఫంక్షన్‌కి పని పోయింది. అది మార్చినవాళ్లు కాల్ తీసేశారు, ఫంక్షన్‌ని మర్చిపోయారు. ఇదీ నువ్వు మెసేజ్‌లో రాయాల్సింది. ఇంకో ఫంక్షన్ కథ వేరు. దాన్ని మొదటి రోజు నుంచీ ఎవరూ కాల్ చేయలేదు. అదే లిస్ట్ రివర్స్.

లిస్ట్ రివర్స్ చూడగానే నాకు ఒళ్లు మండింది. మీటర్ రీడింగులు దాచుకునే ప్రోగ్రాంకి లిస్టు తిరగేసే పని ఎందుకు? ఆ ఫైల్ చూడు. మొదట్లో చేర్చడం, చివర చేర్చడం, మధ్యలో చేర్చడం, లెక్కపెట్టడం, తిరగేయడం, అచ్చంగా పరీక్షల గైడు వరస. అమీర్‌పేట కోచింగుల నుంచి పెద్ద కంపెనీల ఇంటర్వ్యూల దాకా అందరూ అడిగేది ఒకటే, లింక్డ్ లిస్టు తిరగేసి చూపించు. మన పిల్లలు అది బట్టీ పట్టి, ఉద్యోగంలో చేరగానే మొదటి ఫైల్లో దించేస్తారు. దాన్ని ఎలా తీసేయాలని ఏ ఇంటర్వ్యూలోనూ అడగరు. బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టంలో లిస్టులకు పనికొచ్చే క్యూ హెడర్ 4.4 వెర్షన్ నాటి నుంచీ ఉంది, లినక్స్ కెర్నెల్‌లో లిస్ట్ హెడర్ ఉంది, అనుభవజ్ఞులు రాసి, వేలమంది వాడి రాటుదేలినవి. వాటిని చదివించరు. ఈ ఇంటర్వ్యూ ఫ్యాషన్ మీద నా కోపం చచ్చేదాకా పోదు.

నేను ఉద్యోగంలో చేరింది బాలానగర్ వైపు ఒక చిన్న కంపెనీలో. 8051 అనే చిన్న కంప్యూటర్ చిప్, ప్రోగ్రాం దాచడానికి 32 కేబీ ఈప్రామ్ చిప్. వెర్షన్ కంట్రోల్ అంటే ఫ్లాపీలు. ఓల్డ్, న్యూ, న్యూటూ అని ఫైళ్ల పేర్లు. ఒకసారి ప్రోగ్రాం ఈప్రామ్‌లో పట్టలేదు. పెద్ద చిప్ వేద్దామన్నారు మేనేజరు. కంపైలైన ముక్కలన్నీ కలిపే అప్పటి మా లింకర్ ఒక ఫైల్లో ఒక్క ఫంక్షన్ కావాలన్నా ఫైల్ మొత్తాన్నీ లాక్కొచ్చేది. నేను రాత్రిళ్లు, ఏ ఫంక్షన్ ఎక్కడ కూర్చుందో చూపే మ్యాప్ ఫైల్ ప్రింట్ తీసుకుని, ఏ ఫంక్షన్‌ని ఎవరు కాల్ చేస్తున్నారో పెన్సిల్‌తో గీసుకుంటూ కూర్చున్నాను. లిస్టు ఫంక్షన్లలో సగానికి పైగా ఎవరికీ అక్కర్లేదు. తీసేస్తే పాత చిప్‌లోనే సరిపోయింది. నెలాఖరు రిపోర్టులో ఎన్ని లైన్లు రాశామో నింపాలి, తీసేసిన లైన్లకు గడి లేదు. "జీతం తీసుకుని కోడ్ తగ్గించావా?" అని అందరి ముందూ అడిగాడు ఆ మేనేజరు. ప్రతి బోర్డు మీదా మిగిలిన చిప్ ఖర్చు ఎవరూ లెక్కేయలేదు.

అందుకే చెబుతున్నా, కమిట్ మెసేజ్ నువ్వు రాయాల్సిన అసలు రచన. నువ్వు తీసేసిన లైన్లు రేపు ఫైల్లో కనపడవు. నువ్వు పడ్డ కష్టానికి మిగిలే ఆనవాలు అదొక్కటే. దానికి "క్లీనప్" అని పేరు పెట్టకు.

గిట్ ప్రాజెక్టులోనే ఒక ఉదాహరణ ఉంది. గిట్ తన డేటాను కట్టలుగా దాచే ప్యాక్ ఫైళ్లలో అక్కర్లేనివి ఏరే ప్యాక్ రిడండెంట్ అనే కమాండ్ 2005 నాటిది, దానికి సొంత లింక్డ్ లిస్ట్ కోడ్ ఉంది. అవసరమైన ప్యాక్ ఫైళ్లు ఏవో తేల్చడానికి కూర్పులన్నీ వేసి చూసేది. ప్యాకులు ఎక్కువైతే మెమరీ అంతా తినేసేది. 2019లో ఆ పద్ధతి మార్చారు, పాత పద్ధతికే పనికొచ్చే ఫంక్షన్లను, ఆ లిస్టులను ఫ్రీ చేసేదానితో సహా, తీసేశారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఇంకో మెట్టు ఎక్కారు. అసలీ కమాండ్‌నే ఎవరైనా వాడుతున్నారా అని హెచ్చరిక పెట్టి అడిగారు. ఇలాంటిది ఏ కంపైలరూ చెప్పలేదు. కాల్ ఉంటుంది, కోడ్ నడుస్తుంది, వాడే మనిషే ఉండడు.

కంపైలర్ వార్నింగ్ ఎందుకివ్వలేదని అడిగావు. మామూలు వార్నింగులు ఇమ్మనే డబ్ల్యూ ఆల్ ఆప్షన్ పెట్టినా, తన ఫైల్ దాటి కనపడని స్టాటిక్ ఫంక్షన్లకే ఇస్తుంది. స్టాటిక్ కానిదాన్ని వేరే ఫైల్ కాల్ చేయొచ్చు కదా, అది కంపైలర్‌కి తెలియదు. హెడర్లో స్టాటిక్ ఇన్‌లైన్ అని ఉన్నా జీసీసీ కంపైలర్ మాట్లాడదు. ఫంక్షన్ సెక్షన్స్ ఆప్షన్‌తో కంపైల్ చేసి, లింకర్‌కి జీసీ సెక్షన్స్, ప్రింట్ జీసీ సెక్షన్స్ ఇస్తే ఏవి పారేసిందో జాబితా ఇస్తుంది. దాన్నీ గుడ్డిగా నమ్మకు. అది ఆ ఒక్క బిల్డ్ సంగతే చెబుతుంది. ఫైళ్లలో పేరు వెతికిపెట్టే గ్రెప్ కూడా అంతే. కంపైల్‌కి ముందే కోడ్‌గా విడిపోయే మాక్రోలో రెండు హ్యాష్‌లతో అతికించి పుట్టించిన పేరు దానికి దొరకదు.

 

ఇప్పుడు ప్యాచ్‌ని రెండుగా విడగొట్టు. ట్యాబులు, స్పేసులు సరిచేసింది వేరే కమిట్, తీసివేత వేరే కమిట్. హ్యాష్ ఇఫ్ జీరోలు పీకెయ్. ఒక్కో ఫంక్షన్‌కి చివరి కాల్ పోయిన కమిట్ నంబరు మెసేజ్‌లో రాయి. లిస్ట్ రివర్స్‌కి "ఎప్పుడూ కాల్ చేయలేదు" అని రాస్తే చాలు. పంపే ముందు నీ ప్రోగ్రాం నడిచే రెండో బోర్డుకి కూడా బిల్డ్ చేసి చూడు. బిల్డ్ ఎలా చేయాలో చెప్పే మేక్‌ఫైల్లో దాని ఫ్లాగ్ వేరు, ఆ ఫ్లాగ్ ఉంటేనే కంపైలయ్యే ఇఫ్‌డెఫ్ లోపల లిస్ట్ కౌంట్‌ని కాల్ చేస్తున్నారు. దాన్ని ఉంచు.