నడిచే బండి ఎందుకు పడిపోదు?

ప్రశ్న: స్టాండు వేయకపోతే పక్కకు ఒరిగిపోయే స్కూటరు, వేగంగా వెళ్తున్నప్పుడు హ్యాండిల్‌ను తేలిగ్గా పట్టుకున్నా నిలబడుతుంది. చక్రాలు తిరగడమే దీనికి కారణమా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తిరిగే చక్రాల గైరోస్కోపిక్ ప్రభావం (తిరిగే వస్తువు తన ఇరుసు దిశ మారకుండా నిలుపుకోజూసే గుణం) కొంత తోడ్పడుతుంది గాని, అదొక్కటే కారణం కాదు. 1970లో డేవిడ్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త సైకిల్ ముందు చక్రం పక్కన, నేలకు తగలకుండా ఎదురు దిశలో తిరిగే మరో చక్రాన్ని బిగించి ఆ ప్రభావాన్ని రద్దు చేసినా, దాన్ని తొక్కగలిగారు. అసలు కిటుకు ఏమిటంటే, బండి ఎటు ఒరిగితే ముందు చక్రం అటే తిరుగుతుంది. అరచేతిలో కర్రను నిలబెట్టేవాడు అది వాలిన వైపుకే చేతిని జరిపినట్టు, టైర్లు మళ్లీ బరువు కిందికి వచ్చి చేరతాయి. హ్యాండిల్ తిరిగే ఇరుసు ఏటవాలుగా ఉంటుంది కనుక, ఆ గీతను నేలదాకా పొడిగిస్తే టైరు ఆనే చోటుకు కొన్ని సెంటీమీటర్లు ముందు పడుతుంది. అందువల్ల చక్రం, ఆఫీసు కుర్చీ చక్రంలా, దానంతట అదే తిన్నగా సర్దుకుంటుంది.

మరో విచిత్రం: వేగంలో ఎడమకు మళ్లాలంటే ముందుగా ఎడమ హ్యాండిల్‌నే కాస్త ముందుకు నెట్టాలి. రోజూ బండి నడిపేవారంతా తమకు తెలియకుండానే ఆ పని చేస్తుంటారు.