ముందు మడిచి చూడు, తర్వాత రాయి

విజయవాడ

అమ్మాయీ,

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కాగితంతో చేసే బహుఫలకాల (చదునైన ముఖాలున్న ఘనాకృతుల) చరిత్రను ఇంత ఇష్టంగా రాసినందుకు చాలా సంతోషమేసింది. కానీ మొదటి రెండు పేజీలూ తీసెయ్. ప్లేటో, యూక్లిడ్, కెప్లర్ అంటూ పేర్లు వస్తున్నాయే గానీ కాగితం ఎక్కడా కనబడదు.

నేరుగా 1525కి వెళ్లు. న్యూరెంబర్గ్ చిత్రకారుడు డ్యూరర్ ఘనాకృతులను విప్పి, ముఖాలు విడిపోకుండా చదునుగా పరిచి తన పుస్తకంలో అచ్చు వేయించాడు. బళ్లో మనం ‘నెట్’ అని గీసేది అదే. 1570లో లండన్‌లో వచ్చిన బిల్లింగ్‌స్లీ యూక్లిడ్ అనువాదంలో అయితే, కాగితపు రెక్కలు పైకి లేపి చూసే బొమ్మలున్నాయి. వాళ్లు పాఠకుడి చేతిని నమ్మారు. నువ్వూ నమ్ము.

అందుకే ముందు నువ్వే ఒక ఐకోసాహెడ్రన్, అంటే ఇరవై ముఖాల ఘనాకృతి, చెయ్యి. బ్రాడీపేటలో డ్రాయింగ్ షీటు కొనుక్కో. ఇరవై సమబాహు త్రిభుజాలు కలిపి గీసి, సిరా అయిపోయిన రీఫిల్‌తో స్కేలు వెంట గట్టిగా నొక్కు, మడత శుభ్రంగా వస్తుంది. 19 మడతలు, 11 అతుకులు. గమ్ రాయడానికి అంచులు వదలడం మర్చిపోకు. ఒక్కో మూల దగ్గర ఐదు త్రిభుజాలు కలుస్తాయి, అంటే 300 డిగ్రీలు. ఆరోది కూడా చేరిస్తే 360 అయి కాగితం చదునుగా ఉండిపోతుంది. ఆ తక్కువైన 60 డిగ్రీల వల్లే అది పైకి లేస్తోంది! 12 మూలలకూ కలిపితే తక్కువైంది 720. క్యూబుకు మూలకు 90 తక్కువ చొప్పున ఎనిమిది మూలలు, మళ్లీ 720. ఇది డెకార్ట్ సిద్ధాంతమని తర్వాత చెప్పు. ముందు పాఠకుణ్ణి లెక్క వేసుకోనీ.

కాగితం మడతలతో జ్యామితి పుస్తకం రాసిన సుందరరావు గారి మీద నీ అభిమానం నాకూ ఉంది. అయితే 1893లో మద్రాసు నుంచి వచ్చిన ఆయన పుస్తకంలో మడతలన్నీ సమతల జ్యామితి కోసమే. లేని ఘనాకృతులను ఆయనకు అంటగట్టకు.

ఇక గణితవేత్త షెపర్డ్ 1975లో వేసిన ప్రశ్నను చివర ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఎక్కడా లోపలికి నొక్కుకోని ప్రతి బహుఫలకాన్నీ అంచుల వెంట కోసి, ముఖాలు ఒకదానిమీదొకటి పడకుండా పరచగలమా? ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. దాన్ని వ్యాసం మధ్యకు తీసుకొచ్చి ఒక పేజీ ఇవ్వు.

టెన్షన్ పడకు, సంక్రాంతి దాటాక పంపినా ఫర్లేదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు